నీరు నిలువని నేల: ఎచ్చెర్ల మెట్టసీమ సమస్య

శ్రీకాకుళపట్టణమునుండి నాగావళిని దాటి దక్షిణముగా నడచిన కొలది మైళ్ళకే ఎచ్చెర్ల ప్రాంతము మొదలగును. ఒకవైపున నది, ఒకవైపున సముద్రము, నడుమ చిలకపాలెము మీదుగా కలకత్తా చెన్నపట్టణములను గలుపు రాజమార్గము. దేశపటమును చూచినవాడెవ్వడును ఈ సీమ నీటికి మొగము వాచియుండునని యూహింపడు. ఐనను శ్రావణ భాద్రపదములలో గెడ్డలు పొంగి దారులు తెగిపోవు ఈ గ్రామములలోనే, చైత్ర వైశాఖములు వచ్చుసరికి చెరువుగర్భములు బీటలువారి, కాపరులు పశువులకు గుక్కెడు నీటికై దూరముగా మందలను తోలుకొని పోవలసివచ్చుచుండును. ఒకే యూరు, ఒకే సంవత్సరమున, నీటికి వెరచుటయు నీటికై అలమటించుటయు సంభవించుచున్నది. దీనికి కారణమేమి?

వానలు చాలవనుట సులభమైన సమాధానము. కాని లెక్క అందుల కొప్పుకొనదు. ఈ జిల్లాలో సామాన్యసంవత్సరమున వేయి మిల్లీమీటర్లకు మించి, అనగా సుమారు 40 అంగుళముల వర్షము కురియును. అందు పెద్దభాగము నైరృతి ఋతుపవనములవలనను, మిగిలినదానిలో నధికభాగము ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతమున బుట్టు వాయుగుండములవలనను లభించును. వేయి మిల్లీమీటర్ల వాన యనగా ఎకరము నేలపై 40 లక్షల లీటర్ల నీరు. అయిదెకరములు మాత్రమే గల చిన్నరైతు సయితము ఏటేట రెండుకోట్ల లీటర్ల నీటిని ఆకాశమునుండి ఉచితముగా బొందుచున్నాడు. ఆ నీరు ఎచ్చటికి పోవుచున్నదన్నదే ప్రశ్న.

అమెరికా పశ్చిమభాగమున పశువులమందలే జీవనాధారముగా గల శుష్కమైన నదీలోయలను పరిశీలించిన జాన్ వెస్లీ పవెల్ అను శాస్త్రజ్ఞుడు 1878లో తన ప్రభుత్వమున కొక నివేదిక నొసగెను. సాలునకు 20 అంగుళములకు తక్కువ వర్షము గల ప్రదేశమున నీటిపారుదల లేని వ్యవసాయము నిలువజాలదని ఆయన నిర్ణయించెను. ఆ కొలతకు రెట్టింపు వాన మన మెట్టపై గురియుచున్నది. అట్లయ్యు ఇచ్చటి రైతు పునాసపంటకై మబ్బువంక చూచుచు గూర్చుండుటయు, పనివాడు చెన్నపట్టణమునకో హైదరాబాదునకో వలసపోవుటయు తప్పుట లేదు. కొరత వానయందు లేదు. వానను నిలుపుకొను నేర్పాటునందు కలదు.

ఆ యేర్పాటు మన పూర్వులకు తెలియనిది కాదు. చెరువు, గెడ్డ, బీడు, మంద, మడి అను నైదింటిని ఒక్క వ్యవస్థగా వారు గూర్చిరి. మనము వానిని విడదీసి, ఒక్కొక్కదానిని వేర్వేరుగా పోగొట్టుకొనుచున్నాము. ఈ విషయమున ప్రభుత్వముల బాధ్యత కొంత యున్నను, భూవసతి గల మనబోంట్ల బాధ్యత తక్కువది గాదని నిరూపించుటయే ఈ వ్యాసముద్దేశము.

నది తొందర, రాతి మొండితనము

మొదట భూమిస్వరూపమును జూతము. నాగావళి ఒడిశాలోని కలహండి కొండలలో బుట్టి, మొత్తము 256 కిలోమీటర్లు ప్రవహించి, శ్రీకాకుళమునకు దిగువ కళ్ళేపల్లి యొద్ద సముద్రమున గలియుచున్నది. అందు 161 కిలోమీటర్లు ఒడిశాయందే గడచును. పొరుగుననున్న వంశధార పొడవును ఇంచుమించుగ నింతియే. 1,465 కిలోమీటర్లు నడచు గోదావరితో బోల్చినచో ఇవి చిన్ననదులు. అయినను వేయి మీటర్లకు మించిన యెత్తునుండి ఇంత కొలదిదూరములో సముద్రమట్టమునకు దిగవలసియుండుటచే వీని నడకలో తొందర యెక్కువ. కొండలపై గట్టివాన కురిసిన ఒకటిరెండు దినములలో వరద శ్రీకాకుళమును జేరును. మరి రెండుదినములలో సముద్రము పాలగును. పిమ్మట కన్పట్టునది ఇసుకయే.

నది యొడ్డుననున్న పొన్నాడ వంటి గ్రామములను మినహాయించిన, ఎచ్చెర్ల భూములలో పెక్కులు నదీమట్టమునకు ఎత్తుగానున్న గరువులు. తూర్పుకనుమలకును, ఈ మైదానమునకును అడుగున నున్నది మిక్కిలి పురాతనమైన గట్టిరాయి. ఆ కొండలలో నివసించు ఖోండుజాతి పేరిట భూగర్భశాస్త్రజ్ఞులు దానిలో నొక రకమునకు ఖోండలైటు అని పేరిడిరి. ఇట్టి రాతిలో ఇసుకనేలయందువలె నీరు విస్తారముగా నిలువయుండదు. పైభాగమున శిథిలమైన మట్టిపొరలోను, క్రింద పగుళ్ళలోను మాత్రమే నిలుచును. కావున ఇచ్చటి నూతులు వానవెంట నిండి, ఎండవెంట నెండును. బోరు ఎంత లోతునకు దించినను, పగులు తగిలినవానికి నీరు, తగులనివానికి అప్పు. సముద్రతీరమున బుడగట్లపాలెము మొదలగు పల్లెలయొద్ద మరియొక చిక్కు కలదు. అచ్చటి ఇసుకదిబ్బలలో తియ్యనినీరు ఉప్పునీటిపై తేలియుండును. మితిమీరి తోడినచో ఉప్పు పైకి వచ్చును.

ఈ భూమిస్వరూపముయొక్క ఫలితము చరిత్రలో స్పష్టముగా వ్రాయబడియున్నది. 1866 నాటి ఘోరక్షామము ఒడిశాతోపాటు ఆనాటి గంజాము జిల్లాను, అందలి శ్రీకాకుళమును పీడించెను. పదియేండ్లు గడచినవో లేదో, 1876లో నాగావళి వరద శ్రీకాకుళము వంతెన కమానులలో ఆరింటిని కొట్టుకొనిపోయెను. ఒక తరమువారే నీరులేక మలమల మాడుటయు, నీటిలో మునుగుటయు జూచిరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినపుడును ఈ జిల్లాప్రజలు ఒక్క రాత్రిలో నీటి రౌద్రమును జూచిరి. కరవును వరదయు రెండు వేర్వేరు విపత్తులని మన మనుకొందుము. నిజమునకవి నిలుపుకొనని నీటియొక్క రెండు ముఖములు.

నాగావళికి లాంగుల్య యనియు పేరు. బలరాముడు కరవుచే బాధపడు ప్రజలకొరకు తన నాగలిమొనతో ఈ నదిని చీల్చి తెచ్చెనని స్థలపురాణము. సంగాము, గుంప, శ్రీకాకుళము, కళ్ళేపల్లి మొదలగుచోట్ల నదీతీరమున నున్న శివాలయములను ఆ కథతోడనే ప్రజలు ముడిపెట్టుదురు. కథ యెట్లున్నను దానిలోని భావము విలువగలది. నది తనంతట మడికి రాదు. నాగలి పట్టిన చేయి దానిని తేవలయును.

పెద్దలు చేసిన యేర్పాటు

ఎచ్చెర్ల, లావేరు, పొందూరు, రణస్థలము ప్రాంతములలో ఎత్తైన యొక గరువుపై నిలిచి చూచినచో పూర్వుల నేర్పు తెలియును. మెట్ట వాలును బట్టి ఒకదాని క్రింద నొకటిగా చెరువులు, బందలు నిర్మింపబడియున్నవి. పైచెరువు నిండి అలుగుపారిన నీరు గెడ్డలో బడి క్రిందిచెరువును జేరును. మదుము గుండ వదలిన నీరు మడులను తడిపి, ఊటగా దిగి, దిగువనూతులలో దేలును. నదికి దగ్గరనున్నచో ఒడ్డును కోసి నేరుగా కాలువలు దీసిరి. వీనినే నీటిపారుదలశాఖవారు ఓపెన్ హెడ్ చానళ్ళని వ్యవహరింతురు. ఒక్కొక్క చెరువు చిన్నది. కాని వానినన్నిటిని గలిపి చూచినపుడు, రెండుదినములలో సముద్రము పాలగు నీటిని నెలల తరబడి మెట్టపై నిలుపు మెట్ల వరుస యది.

ఈ వరుసలో చెరువునకు పైనున్న బీడునకు ప్రధానస్థానము గలదు. దున్నని నేల, గట్టివేళ్ళు గల పచ్చిక, అచ్చటచ్చట తాటిచెట్లు, తుప్పలు: ఇదియే చెరువునకు నీరు పట్టు నేల. పచ్చిక వాన వేగమునడ్డి, మన్ను కొట్టుకొనిపోకుండ గాపాడి, తేటనీటిని మెల్లగా గెడ్డలోనికి విడుచును. ఆ బీడే ఊరి పశువులకు మేత. వర్షకాలమున పొలములలో పైరున్నంతకాలము ఆవులును గొఱ్ఱెలును బీళ్ళపై మేయును. కోతలైన పిమ్మట కాపరులు మందలను పొలములలోనికి దింపి రాత్రులందు మంద కట్టుదురు. గొఱ్ఱెల పెంటికయు మూత్రమును పడిన మడి మరుసటి యేడు ఎరువు నడుగదు. అందులకు రైతు కాపరికి ధాన్యమో రొక్కమో యిచ్చును. వేసవిలో నీరు తగ్గిన చెరువుగర్భమున మొలచిన గడ్డి మందలకు చివరి యాధారము. ఇట్లు ఒక్క నేల వానకాలమున నీటిని, వేసవిలో మేతను ఇచ్చుచు వచ్చినది. కాపరి రైతునకు భారముకాడు. రైతు కాపరికి శత్రువుకాడు.

ఈ మెట్టపంటలును ఈ యేర్పాటునకు దగినట్టివే. చోళ్ళు, గంటెలు, నువ్వులు, గోగు, పత్తి మొదలగునవి కొలది తడితో పండును. గోగుకఱ్ఱలను నానవేసి నార దీయుటకు చెరువునీరే శరణ్యము. పొందూరు సన్నఖద్దరు దేశప్రసిద్ధి గాంచినది. వాలుగచేప దవడయెముకతో దువ్వి, చేతితో వడికిన ఆ నూలునకు మూలమైన పత్తి ఈ ప్రాంతపు మెట్టచేలలో వానయాధారమున బండినదే. మెట్ట యనగా నిష్ప్రయోజనమైన నేల యని తలచువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలయును.

బీడును నీటిని గలిపి చూచుట మన దేశమున క్రొత్తది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున పచ్చికబయళ్ళకు వివీతాధ్యక్షుడను ప్రత్యేకాధికారి చెప్పబడియున్నాడు. నీరులేనిచోట నూతులను, కట్టలను నిర్మించుట ఆ యధికారి విధులలో నొకటి. క్రొత్తగా చెరువు గట్టినవారికి అయిదేండ్లు, శిథిలమైనదానిని బాగుచేసినవారికి నాలుగేండ్లు, తుప్పలు నాచు తొలగించినవారికి మూడేండ్లు పన్ను మినహాయింపు నిచ్చుటయు అందు విధింపబడినది. ఉన్నదానిని చక్కబెట్టుటయు క్రొత్తదానిని గట్టుటతో ఇంచుమించు సమానమైన పుణ్యమని ఆ రాజనీతిజ్ఞుని యభిప్రాయమై యుండవలయును.

ఆంధ్రదేశమున కడప మండలమందలి పోరుమామిళ్ళ చెరువుశాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు వేయించిన ఆ శాసనమున మంచి చెరువునకు వలసిన పండ్రెండంగములును, చెరువునకు గలుగు ఆరు దోషములును వివరింపబడినవి. ఆ దోషములలో రెండు నేటి మన స్థితికి తగియున్నవి. ఒకటి, నీరు కొంచెమై దానిక్రింది భూమి విస్తారమగుట. రెండవది, రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట. ఈ రెండును మరల ప్రస్తావనకు వచ్చును.

పూర్వకాలమంతయు స్వర్ణయుగమని మా వాదము గాదు. 1802 నాటి శాశ్వతపైసలా పిమ్మట జమీందారులలో పెక్కురు శిస్తులయం దుంచిన దృష్టిని చెరువులయం దుంచలేదు. కుడిమరామత్తు, అనగా గ్రామస్థులు తమ చెరువును తామే బాగుచేసికొను ఆచారము, ఊరుమ్మడి కర్తవ్యముగా మొదలై, 1858 నాటి మద్రాసు నిర్బంధశ్రమ చట్టముతో దొరతనమువారి ఆజ్ఞగా మారినది. అందు బలహీనవర్గములవారిపై బడిన భారము అన్యాయమైనది. 1948లో ఎస్టేటుల రద్దుచట్టము వచ్చి చెరువులు ప్రభుత్వపరమగుట న్యాయమే. కాని హక్కు ప్రభుత్వమునకు మారినపుడు, కట్టపై తట్టెడు మన్ను వేయవలసిన కర్తవ్యము ఎవరికి మారినది? అది దారిలోనే జారిపోయినది.

కాలువలు వచ్చిన తరువాత

నాగావళీజలమును మడులకు మళ్ళించుటకై 1908లో తోటపల్లి యొద్ద రెగ్యులేటరు నిర్మింపబడినది. స్వరాజ్యానంతరము నారాయణపురమున ఆనకట్ట లేచినది. దాని కుడి యెడమ కాలువలక్రింద సుమారు 37 వేల ఎకరముల ఆయకట్టు. ఎచ్చెర్ల భూములకు కుడికాలువ జీవనాడి. సువర్ణముఖి, వేగవతులు గలియుచోట మడ్డువలస జలాశయము వచ్చినది. తోటపల్లియందు పాత రెగ్యులేటరునకు తోడుగా పెద్ద బ్యారేజి నిర్మించి 2015 సెప్టెంబరులో జాతి కంకిత మొనర్చిరి. ఈ పనులవలన గలిగిన మేలు సామాన్యము గాదు. ఒకనాడు చోళ్ళు మాత్రమే పండిన నేలలో వరి పండినది. గంజి ద్రావిన యిండ్లలో అన్నము వండిరి. కాలువలను నిందించుట కృతఘ్నత.

అయితే కాలువకును ఒక స్వభావము గలదు. మొదట నున్నవాని మడి ముందుగా దడియును. ఎగువ రైతు ఒక్క తడి కోరినచోట రెండు తడులు దీసికొన్నను అడుగువాడుండడు. గుఱ్ఱపుడెక్క పెరిగి, పూడిక చేరి, మదుములు విరిగి, చివరకు శివారు భూమికి చేరవలసిన నీరు దారిలోనే యింకిపోవును. నది నిండుగా బారు సంవత్సరమున శివారునకును నీరు వచ్చును. కాని ఆ యేడు వానయు గురియును గావున అవసరము తక్కువ. వాన ముఖముచాటు చేసిన యేడు అవసరము మెండు, నీరు సున్న. పోరుమామిళ్ళ శాసనము చెప్పిన మొదటి దోషము, నీరు కొంచెము భూమి విస్తారము, శివారు రైతు ప్రతిక్షామమునను అనుభవించునదే. ఎచ్చెర్ల మెట్ట పెక్కుకాలువలకు తల కాదు, తోక.

రెండవ దోషమును జూడుడు. నాగావళి జన్మస్థానమును, ప్రవాహములో సగమునకు మించిన భాగమును ఒడిశాలో నున్నవి. దాని యుపనది ఝంఝావతిపై జలాశయము తలపెట్టగా, ఒడిశాలో ముంపు విషయమై ఏకాభిప్రాయము కుదరక, తుదకు 2006లో రబ్బరు ఆనకట్టతో కొంత నీటిని వాడుకొనవలసివచ్చెను. వంశధారపై ఉభయరాష్ట్రములకు 1962లోనే ఒడంబడిక కుదిరినను వివాదము తీరక, 2010లో న్యాయాధికరణము నేర్పరచిరి. అది తీర్పు నిచ్చుటకు 2017 వచ్చెను. వంశధారనీటిని హిరమండలమునుండి నారాయణపురము ఆనకట్టకు దెచ్చి రెండు నదులను గలుపు కాలువపని చేపట్టుటయు మంచి యోచనయే. కాని ఎగువ కొండలలో కురియని వానను ఏ కాలువయు దేజాలదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినపుడు మరియొక సరిహద్దు ఏర్పడినది. తోటపల్లి పార్వతీపురము మన్యము జిల్లాకును, నారాయణపురము ఆనకట్ట గల సంతకవిటి మండలము, మడ్డువలస గల వంగర మండలము విజయనగరము జిల్లాకును జేరినవి. ఎచ్చెర్ల శ్రీకాకుళముననే నిలిచినది. ఇట్లు ఎచ్చెర్ల రైతు మడికి నీరు వదలు తలుపులు మూడును పొరుగుజిల్లాలలో నున్నవి. అధికారులు ఎంత సజ్జనులైనను, నీరు చాలనినాడు ఎవరి కలెక్టరునకు ఎవరి మొర ముందుగా వినబడును? పొరుగువాని సౌజన్యము మంచిదే. కాని ఊరిచెరువు దానికంటె నమ్మదగినది.

చెరువును మ్రింగిన దెవరు?

కాలువ వచ్చినదన్న ధీమాతో మనము చెరువును మరచితిమి. మరచుట యొక్కటియే జరిగినచో పూడిక దీసి బాగుచేసికొనవచ్చును. జరిగినది అంతకంటె హెచ్చు. చెరువు ఒడ్డుననున్న పొలముగలవాడు మొదటియేడు గర్భములో నాలుగుసాళ్ళు లోనికి దున్నును. రెండవయేడు గట్టు వేయును. మూడవయేడు కొబ్బరిమొక్కలు నాటును. పదియేండ్లకు అది తాతలనాటి భూమి యగును. నీరెక్కువ వచ్చి తన పైరు మునుగునని భయపడి, రాత్రివేళ అలుగును త్రవ్వువాడును, మదుము పలక నెత్తివేయువాడును అతడే. ఈ పని కూలివాడు చేయుట లేదు. అతనికి ప్రక్కన పొలము లేదు. చేయువారు భూములు గలవారు, పలుకుబడి గలవారు. మన పాఠకులలో అట్టివారు లేరని చెప్పగలిగిన సంతోషింతుము.

బీళ్ళ గతియు నిట్టిదే. దున్నని నేల యనగా ఎవ్వరికిని బనికిరాని నేల యని రికార్డులు వ్రాయు చేతులకు తోచును. కాపరికి పట్టా యుండదు. అతని హక్కు అతని మంద నడచు దారియందే యున్నది. కావున బీడు మొదట సరుగుడు, నీలగిరి, జీడిమామిడి తోటలకును, పిదప ఇండ్లస్థలములకును, కర్మాగారములకును, రొయ్యల చెరువులకును సులభముగా లొంగిపోవును. బీడు పోయినపుడు దానిమీదుగా బారు గెడ్డ పూడిపోవును. గెడ్డ పూడినపుడు క్రిందిచెరువు, ఎంత చక్కగా పూడిక దీసినను, నిండదు. మందకు మేత లేక కాపరి గొఱ్ఱెల నమ్ముకొని పట్టణమునకు కూలికి బోవును. మంద పోయిన మడికి రైతు సంచులకొలది రసాయనపుటెరువు గొనవలసివచ్చును. చెరువు గట్టుమీద నిలిచి నీరేల రాలేదని అడుగువారు, పైనున్న బీడునకు ఏమి జరిగినదో అడుగుట లేదు.

ప్రతివాదమును విందము. విశ్వవిద్యాలయము వలదా, ఉద్యోగములిచ్చు పరిశ్రమలు వలదా యని అడుగవచ్చును. వలయును. 2008లో ఎచ్చెర్లయందు అంబేద్కరు విశ్వవిద్యాలయము నెలకొనుట ఈ వెనుకబడిన జిల్లాకు గర్వకారణము. విద్యకును చెరువునకును వైరము లేదు. కట్టడమును గెడ్డకు ప్రక్కగా గట్టవచ్చును. గెడ్డలో గట్టనవసరము లేదు. మేకలు గొఱ్ఱెలు పచ్చికను నాశనమొనర్చుననియు అందురు. మేత నేల పదిపాళ్ళలో ఎనిమిది తగ్గి, మందలన్నియు మిగిలిన రెండుపాళ్ళమీద బడినచో నేల బోడియగుట నిజమే. ఆ దోషము గొఱ్ఱెది గాదు. బీడును భాగములుగా జేసి, వానలు పడిన తొలి వారములలో పచ్చిక వేరూనువరకు కొన్ని భాగముల నాపి, వంతులవారిగా మేపుకొన్నచో పచ్చికయు నిలుచును, మందయు బ్రదుకును.

ఇతరుల యనుభవము

పైన జెప్పిన పవెల్ తన దేశమునకు మరియొక సలహా యిచ్చెను. పశువుల మేతభూమిని గీతలు గీసి చిన్నచిన్న చదరములుగా పంచిపెట్టవలదనియు, ప్రతి కాపుకుటుంబమునకును విశాలమైన మేతభూమితోపాటు నీరుపారు కొద్దిపాటి చేనును ఉండునట్లు చూడవలయుననియు, నీటిహక్కును భూమినుండి విడదీయరాదనియు, ఆయా నీటిక్రింది జనులే కూడి తమ నిబంధనలను తామే చేసికొనవలయుననియు ఆయన కోరెను. 2,560 ఎకరముల మేతభూమి యొక కుటుంబమునకు వలయునని ఆయన వేసిన లెక్క మనకు వింతగా దోచును. అది వారి నేల, వారి వాన. ఆయన సూచనలను ఆ దేశపు శాసనసభ అంగీకరింపలేదు. ఆయన చెప్పిన మూలసూత్రము మాత్రము ఎల్లదేశములకు వర్తించును: నీటిని ఒకరికి, నేలను మరియొకరికి, మేతను వేరొకరికి విడదీసి యిచ్చినచో ముగ్గురును నష్టపోదురు.

స్పెయినులోని వలెన్సియా నగరమున వేరొక దృష్టాంతము గలదు. అచ్చటి కాలువల రైతులు తాము ఎన్నుకొన్న ప్రతినిధులతో ఒక జలన్యాయసభను శతాబ్దములుగా నడుపుకొనుచున్నారు. ప్రతి గురువారమున మధ్యాహ్నవేళ ప్రధానదేవాలయ ద్వారమున సభ కూడును. వకీళ్ళు లేరు, కాగితములు లేవు, వాదము నోటిమాటతోడనే. వంతు తప్పి నీరు తీసినవానికి అచ్చటనే శిక్ష. 2009లో ఐక్యరాజ్యసమితి సాంస్కృతికసంస్థ దీనిని మానవజాతి వారసత్వములలో నొకటిగా గుర్తించెను. తోటిరైతు ముఖము చూచి సమాధానము చెప్పవలసియుండుటయే ఆ సభకు బలము.

కర్తవ్యము

మనకు చట్టములు లేవని చెప్పుటకు వీలులేదు. 1997 నాటి చట్టము నీటివినియోగదారుల సంఘములను నెలకొల్పినది. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము చెరువుల నాక్రమించుటను నిషేధించుచున్నది. చెరువులు సమాజపుటాస్తి యనియు, వానిని ఇండ్లస్థలములుగా పంచరాదనియు సుప్రీముకోర్టు 2001లో తీర్పు చెప్పినది. గ్రామముల ఉమ్మడిభూముల నాక్రమించినవారిని తొలగింపుడని 2011లో అన్ని రాష్ట్రములను ఆదేశించినది. చట్టము ఇంతవరకు రాగలదు. చెరువుగట్టు వరకు నడచిరావలసినవారము మనము.

చేయవలసిన పనులకు క్రమము గలదు. మొదట గెడ్డ, పిదప బీడు, ఆ తరువాత చెరువు. ఇప్పటివరకు ఈ క్రమము తలక్రిందుగా నున్నది. నీరువచ్చు దారిని విడిచి గర్భమును త్రవ్వుటవలన గుంట లేర్పడునే కాని చెరువు నిండదు. ప్రతిగ్రామమున పాతపటములను ముందుంచుకొని, చెరువుయొక్క పూర్తిమట్టమును, గెడ్డలను, మందదారులను, మేతభూములను గుర్తించి రాళ్ళు పాతవలయును. గెడ్డలపై అడ్డములను తొలగింపవలయును. మిగిలిన బీళ్ళను ఇక విడదీయక వంతులమేతకు నిలుపవలయును. అటుపిమ్మట ఉపాధిహామీ పనులతో పూడిక దీయింపవలయును. పదియెకరముల చెరువులో ఒక్క అడుగు పూడిక దీసినచో కోటి ఇరువది లక్షల లీటర్లకు మించిన నీటికి చోటు దొరకును. తీసిన ఒండ్రుమట్టి మెట్టచేలకు ఎరువగును. ఒక్క చెరువు లెక్క యిది. గొలుసులోని అన్ని చెరువులకు ఈ లెక్కను మీరే వేసికొనవచ్చును.

నీటిసంఘములలో ఆయకట్టు రైతులకు మాత్రమే స్థానముండుట లోపము. కాపరులును, చెరువులో చేపలు పట్టువారును, నూతినీరు త్రాగు కూలిజనులును ఆ నీటికి వారసులే. వారికిని మాట యుండవలయును. బీడును గాచువాడు కాపరి గావున, ఆక్రమణను మొదట జూచు కన్నును అతనిదే. అతడు చెప్పినమాట వినుట కొక సభ యున్నచో చెరువునకు కావలివాని నమర్చినట్లే యగును.

చివరకు ఈ భారము ఎవరిమీద మొదట మోపవలయునన్నది మిగిలియున్నది. ప్రభుత్వము ఆక్రమణలను తొలగించుటకు వచ్చినపుడు బీదవాని గుడిసెతో మొదలిడి పెద్దవాని కొబ్బరితోటవద్ద ఆగుట అనుభవములోని మాట. ఆ క్రమమును మార్చగలవారు పెద్దరైతులే. చెరువుగర్భములోనికి చొచ్చుకొనిన తన గట్టును తానే వెనుకకు జరుపుకొన్న యొక్క భూస్వామి, నూరు నోటీసులు చేయలేని పనిని ఆ గ్రామమున జేయగలడు. అతడు విడిచినది అర్ధయెకరమో, ఎకరమో కావచ్చును. ఆ చెరువు నిండినపుడు దానిక్రింది అతని పదియెకరములును, పొరుగువాని నూయియు, కాపరి మందయు వేసవి దాటును.

బలరాముడు నాగలిమొనతో నదిని దెచ్చెనని ప్రజలు నేటికిని చెప్పుకొనుచున్నారు. మనకు నది నీడ్చుకొని రావలసిన పని లేదు. వచ్చు వానకాలమునకు ముందుగా, చెరువులోనికి చొచ్చిన మన నాగళ్ళను వెనుకకు త్రిప్పుకొన్న చాలును.